ఫార్మాట్ కంటే ముందు అడగవలసిన ప్రశ్న

(ముద్రణాలయాలు, డీటీపీ కేంద్రాలు నడిపేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, చిన్న పత్రికలు కూర్చి జీవించేవారు. మన కంప్యూటర్ ఒక పూట ఆగిపోతే పెళ్లివారి ముహూర్తం మన కోసం ఆగదు. కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను కాబట్టి, ఆ ఒక్క పూట ఆగడం మీకు ఎంత కష్టమో దగ్గరగా చూశాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఆ తేదీకి అటూ ఇటూ మనలో చాలామంది విండోస్ 11కి మారారు. అప్పటి నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఒకే మాట వినిపిస్తోంది. "సార్, అప్‌గ్రేడ్ చేశాక పాడైంది. ఫార్మాట్ చేసేయమంటారా?"

వద్దు. ముందు నాకు ఒక్క సంగతి చెప్పండి. ఏది పనిచేయడం లేదో కాదు, అదే పని ఎక్కడ సరిగా జరుగుతోందో చెప్పండి. ఈ ప్రశ్న అడగడం అలవాటు చేసుకుంటే మీ యంత్రాల్లో సగానికి సగం మరమ్మతు మీరే చేసుకోగలరని నా నమ్మకం. ఎందుకో ఒక అనుభవంతో చెబుతాను.

ఒక చిన్న ఊరి ప్రెస్సులో పనిచేసే కుర్రవాడు ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశాడు. అప్‌గ్రేడ్ చేశాక తెలుగు టైపు కావడం లేదట. ఏ మీట నొక్కినా ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయట. అప్పటికే రెండుసార్లు ఫార్మాట్ చేశాడు. రెండోసారి తర్వాత కూడా అదే తంతు. మర్నాడు ఉదయానికి ఇవ్వవలసిన కర్మకాండ ఆహ్వానపత్రిక ఒకటి చేతిలో ఉంది. గొంతులో ఏడుపు వినిపిస్తోంది.

"బాబూ, వర్డ్ తెరిచి అక్కడ తెలుగు కొట్టి చూడు" అన్నాను.

కాసేపు ఆగి, "వర్డ్‌లో పడుతోంది సార్!" అన్నాడు.

సమస్య అక్కడికే సగం తీరింది. కీబోర్డు సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. ఫాంటు బాగానే ఉంది. విండోస్ కూడా బాగానే ఉంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే తెలుగు పడడం లేదు. అయితే ఆ రెండింటికీ తేడా ఏమిటి? అడగగా అడగగా తెలిసింది: పాత సాఫ్ట్‌వేర్ కదా, కొత్త విండోస్‌లో సరిగా నడవదేమోనని ఎవరో స్నేహితుడు చెబితే, దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అన్న చోట టిక్కు పెట్టాడు. రెండుసార్లు ఫార్మాట్ చేసినప్పుడూ, సాఫ్ట్‌వేర్ ఎక్కించిన వెంటనే జాగ్రత్తగా ఆ టిక్కు మళ్లీ పెట్టాడు.

ఇందులో కిటుకు తెలుసుకోవాలి. విస్టా అనే పాత రూపం కాలం నుంచి విండోస్‌లో ఒక కట్టడి ఉంది. తక్కువ అధికారంతో నడుస్తున్న ప్రోగ్రాము, ఎక్కువ అధికారంతో నడుస్తున్న ప్రోగ్రాము కిటికీలోకి వెళ్లే మీటలను మధ్యలో పట్టుకోలేదు. దొంగ సాఫ్ట్‌వేర్లు మన పాస్‌వర్డులు కాజేయకుండా పెట్టిన మంచి కట్టడి అది. కానీ మన తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్లు చేసే పనే అది కదా! మీరు నొక్కిన ఇంగ్లీషు మీటను దారిలో పట్టుకుని, దాని బదులు తెలుగు గుర్తును పంపుతాయి. పేజీల సాఫ్ట్‌వేర్ అడ్మినిస్ట్రేటర్ హోదాలో, కీబోర్డు సాఫ్ట్‌వేర్ మామూలు హోదాలో ఉంటే ఆ మీట దొరకదు. రెండూ ఒకే హోదాలో ఉండాలి. టిక్కు తీయించాను. ఆహ్వానపత్రిక ఆ రాత్రే పూర్తయింది.

ఆ కుర్రవాడు తెలివితక్కువవాడేమీ కాదు. అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఫార్మాట్ చేస్తే అన్నీ మొదటికి వస్తాయని మనకు నేర్పారు. కానీ తప్పు మన చేతి అలవాటులో ఉంటే ఫార్మాట్ తర్వాత అదే చేత్తో అదే తప్పును మళ్లీ ఎక్కిస్తాం. ఈ లోగా పోయేవి వేరే ఉంటాయి: పాత ఫాంట్లు, లైసెన్సు సంఖ్యలు, డెస్క్‌టాప్ మీద దాచుకున్న ఖాతాదారుల ఫైళ్లు.

మన వృత్తికి ప్రాణం కాబట్టి ఫాంట్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరానికీ ఎక్కడైనా ఒకే సంకేతం ఉండే పద్ధతి. విండోస్‌లో తెలుగు యూనికోడ్ మొదట వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. దానితో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల వచ్చాయి. ఇప్పుడు మన తెరమీద తెలుగు కనిపించేది చాలావరకు నిర్మలలోనే. విండోస్ 10 నుంచి గౌతమిని, వాణిని మూల వ్యవస్థలోంచి తీసి విడిగా పెట్టారు. మీరు పదేళ్ల క్రితం గౌతమిలో కూర్చిన పుస్తకం కొత్త యంత్రంలో తెరిస్తే అక్షరాలు వేరే ఫాంటులోకి మారి, పంక్తులు జరిగి, 96 పేజీల పుస్తకం 101 పేజీలు కావచ్చు. ఫైలు పాడు కాలేదు. సెట్టింగ్స్‌లో ‘ఆప్షనల్ ఫీచర్స్’ అన్న చోటికి వెళ్లి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అని వెతికి చేర్చుకోండి. ఇంటర్నెట్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు.

ఇంకొకటి. పూర్వం ఫాంటు ఫైలు మీద రెండుసార్లు నొక్కి ‘ఇన్‌స్టాల్’ అంటే యంత్రం మొత్తానికి ఎక్కేది. 2018 చివర వచ్చిన విండోస్ 10 రూపం నుంచి అలా ఎక్కించిన ఫాంటు ఆ ఒక్క వినియోగదారుడి ఫోల్డర్‌లోకి మాత్రమే వెళుతోంది. కొత్త సాఫ్ట్‌వేర్లు అక్కడికి వెళ్లి వెతుక్కుంటాయి. పాతవాటిలో కొన్నింటికి ఆ చోటు ఉందనే తెలియదు. "వర్డ్‌లో ఫాంటు కనిపిస్తోంది, పేజ్‌మేకర్‌లో కనిపించడం లేదు" అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇదే. ఫాంటు మీద కుడి మీట నొక్కి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ అనండి. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చి పాతికేళ్లు కావస్తోంది. దాన్ని తయారుచేసినవారు ఊహించని ఇంట్లో అది ఇవాళ కాపురం చేస్తోంది. అలాంటి దాని పట్ల మనకు కాస్త ఓపిక ఉండాలి.

మూడోది చాలామందిని ముప్పుతిప్పలు పెట్టింది. పాత తెలుగు ఫాంట్లు నిజానికి తెలుగు సంకేతాలు వాడవు. ఇంగ్లీషు అక్షరాలకు, యూరప్ భాషల గుర్తులకు కేటాయించిన గళ్లలో తెలుగు ముక్కలను కూర్చోబెట్టాయి. తలకట్టు ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. అవి నడవాలంటే విండోస్ ఆ గళ్లను పాత పద్ధతిలోనే చదవాలి. రీజియన్ అమరికల్లో ‘అడ్మినిస్ట్రేటివ్’ అన్న పేజీలో యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాష అని ఒకటి ఉంటుంది. దాని లోపల యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను రాసే ఒక తీరు) వాడమని చెప్పే ‘బీటా’ టిక్కు ఉంటుంది. తెలుగు బాగా రావాలనే ఆశతో దాన్ని పెట్టినవారిని చూశాను. యూనికోడ్‌కు మేలు జరుగుతుందనుకుంటే పాత ఫాంట్లలో సగం అక్షరాలు చెత్తగా మారిపోయాయి. ఆ టిక్కు తీసి, భాషను ఇంగ్లీషుగా ఉంచి, రీస్టార్ట్ చేయండి. అక్షరాలు వెనక్కి వస్తాయి.

రీస్టార్ట్ అన్నాను, షట్‌డౌన్ అనలేదు. ఈ తేడా మీరు గుర్తుంచుకోవాలి. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒకటి వచ్చింది. అది పనిచేస్తున్న యంత్రాల్లో షట్‌డౌన్ కొడితే వ్యవస్థ లోపలి భాగం నిజంగా ఆగదు. దాని స్థితిని డిస్కు మీద రాసిపెట్టుకుని, తెల్లవారి అదే స్థితిని తిరిగి తెచ్చుకుంటుంది. నిన్నటి చిక్కు కూడా దానితోపాటే తిరిగి వస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రమే అంతా కొత్తగా మొదలవుతుంది. "మూడు రోజులుగా రోజూ ఆపి వేస్తున్నాను సార్" అనేవారి యంత్రం ఆ మూడు రోజులూ ఒక్కసారి కూడా పూర్తిగా ఆగి ఉండకపోవచ్చు.

అప్‌గ్రేడ్ చేసిన మొదటి రోజు యంత్రం నెమ్మదిగా ఉంటే కంగారుపడకండి. ఫైళ్ల సూచిక మళ్లీ తయారుచేసుకోవడం, పరికరాలను నడిపే డ్రైవర్లు దించుకోవడం వంటి పనులు వెనకాల నడుస్తుంటాయి. ఒక రాత్రి కరెంటుకు తగిలించి వదిలేయండి.

ఇక ఇదే ప్రశ్నను యంత్రాన్నే ఎలా అడగాలో చెబుతాను. సేఫ్ మోడ్ అని మీరందరూ విన్నారు. అందులో విండోస్ అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే లేస్తుంది. అక్కడ సమస్య లేకపోతే మూల వ్యవస్థ మంచిదే, పైన ఎక్కించినదేదో తప్పు చేస్తోందని అర్థం. అలాగే కొత్త వినియోగదారుడి ఖాతా ఒకటి సృష్టించి అందులోకి వెళ్లి చూడండి. అక్కడ బాగుంటే తప్పు యంత్రానిది కాదు, మీ పాత ఖాతా అమరికలది. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. ఫార్మాట్‌కు, తర్వాత అన్నీ ఎక్కించుకోవడానికి ఒక రోజు పోతుంది. అయినా మనం రెండోదానికే మొగ్గు చూపుతామెందుకో, నాకు బాధగా ఉంటుంది.

స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని కొట్టి చూడండి. విస్టా కాలం నుంచి ఉన్న ఈ పరికరాన్ని మనవాళ్లు దాదాపు ఎవరూ తెరవరు. ఏ రోజు ఏం ఎక్కింది, ఏ రోజు ఏది కూలింది అన్నది రోజువారీగా గీత గీసి చూపిస్తుంది. మంగళవారం దాకా బాగుండి బుధవారం నుంచి ఎర్ర గుర్తులు మొదలైతే, బుధవారం ఏం ఎక్కిందో దాని కిందే రాసి ఉంటుంది.

ఒక మనవి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిదీ కాగితం మీద రాయండి. ఒకేసారి నాలుగు మార్చి సమస్య పోతే ఏది మందో తెలియదు. పోకపోతే ఏది కొత్త జబ్బో తెలియదు.

పరికరాల సంగతికి వద్దాం. యంత్రంలోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం కనిపిస్తే దాని మీద రెండుసార్లు నొక్కి సంఖ్య చదవండి. 28 అంటే డ్రైవర్ అసలు ఎక్కలేదు. 10 అంటే పరికరం మొదలు కాలేకపోతోంది. 43 అంటే పరికరమే తనకు బాగాలేదని చెప్పుకుంది. డ్రైవర్ కోసం ఎక్కడెక్కడో వెతకవద్దు. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటులో మీ మోడల్ సంఖ్యతోనే వెతకండి. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో ఎక్కిస్తామని చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. వైఫై డ్రైవరే పోయి నెట్ లేకపోతే ఫోనును కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. ఎక్కువసార్లు దానికి వేరే డ్రైవర్ అక్కరలేదు.

విండోస్ 11లో 32 బిట్ల రూపమే లేదు. మీ పాత విండోస్ 32 బిట్లదైతే దాని ప్రింటర్, స్కానర్ డ్రైవర్లు ఇక్కడ ఎక్కవు. పదహారు బిట్ల కాలపు సెటప్ ఫైళ్లు నడవనే నడవవు. భారతీయ భాషల డీటీపీ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి యంత్రం వెనకాల తగిలించే లాక్ (అది లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోని చిన్న పరికరం) ఉండేది, గుర్తుంది కదా? లాక్ దొరకడం లేదని సాఫ్ట్‌వేర్ అంటే లాక్ చెడిపోయిందని పారేయకండి. పాత యంత్రానికి తగిలించి చూడండి. అక్కడ పనిచేస్తే కావలసింది 64 బిట్ల డ్రైవర్ ఒక్కటే.

ప్రింటర్ పంచుకునే చోట ఒక రోగం ఉంది. రెండు మూడు కంప్యూటర్లకు ఒకే ప్రింటర్ ఉన్న ప్రెస్సుల్లో, చివర 11బి అని ఉండే దోషసంఖ్య వచ్చి ముద్రణ ఆగిపోతుంది. 2021లో ముద్రణ వ్యవస్థలో భద్రతా లోపాలు బయటపడ్డాయి. ఆ సెప్టెంబర్ అప్‌డేట్లతో రెండు యంత్రాల మధ్య సంభాషణకు కట్టుదిట్టమైన పద్ధతి తప్పనిసరి చేశారు. ఒకటి అప్‌డేట్ అయి రెండోది కాకపోతే వాటి మధ్య మాట కలవదు. విండోస్ అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో ఒక సంఖ్య సున్నా చేస్తే పోతుందని వీడియోల్లో చెబుతారు. పోతుంది, నిజమే. ఎందుకంటే మీరు తాళం తీసేశారు. రెండు యంత్రాలనూ అప్‌డేట్ చేయండి. ప్రింటర్‌కు నెట్‌వర్కు సౌకర్యం ఉంటే ప్రతి యంత్రాన్నీ నేరుగా దానికే కలపండి. 2024 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 రూపంతో ఉమ్మడి ఫోల్డర్లకు కూడా ఇలాంటి పట్టింపే వచ్చింది. పాస్‌వర్డు లేకుండా అందరికీ తెరిచి పెట్టిన ఫోల్డర్లలోకి ఇక పోనివ్వదు. ఫోల్డర్ ఉన్న చోట ఒక ఖాతా, ఒక పాస్‌వర్డు పెట్టుకోవడమే మర్యాద. మన దగ్గర ఉన్నవి ఖాతాదారుల ఆధార్ ప్రతులు, పరీక్షా పత్రాలు. వాటికి తలుపు ఉండాలి.

ఇంతగా భద్రత అంటున్నాను కదా, కొందరు "అప్‌డేట్ల వల్లే కదా ఈ తిప్పలు, అసలు ఆపేస్తే?" అంటారు. 2018 ఫిబ్రవరిలో మన భాషకే ఒక విచిత్రం జరిగింది. అప్పటి ఐఫోన్లలో ‘జ్ఞా’ అనే అక్షరం కనిపిస్తే దాన్ని చూపించే యాప్ మూతపడిపోయేది. ప్రపంచమంతా తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని రాసింది. కానీ మనం రోజూ కొట్టే మామూలు ‘జ్ఞా’తో ఏమీ కాలేదు. మధ్యలో కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి చేరినప్పుడే యాప్ కూలింది. పనిచేసే ‘జ్ఞా’ను, కూల్చే ‘జ్ఞా’ను పక్కపక్కన పెట్టి చూసినవారికే ఆ తేడా దొరికింది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అప్‌డేట్లు ఆపేసుకున్నవారికి ఆ మందు అందలేదు.

అలాగని కళ్లు మూసుకుని నొక్కమనడం లేదు. అదే ఏడాది అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 10 కొత్త రూపం కొందరి ఫైళ్లను చెరిపేసింది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరే డ్రైవుకు మళ్లించుకుని, పాత చోట కూడా ఫైళ్లు మిగిల్చినవారికి ఆ దెబ్బ తగిలింది. కంపెనీ విడుదలను నిలిపివేసి, సరిచేసి, నవంబర్ 13న మళ్లీ ఇచ్చింది. మనలో డి డ్రైవుకు మళ్లించుకోనివారు ఎంతమంది? అందుకే అప్‌గ్రేడ్‌కు ముందు బయటి డిస్కులోకి నకలు తీయండి. తీసి ఊరుకోకుండా, ఆ డిస్కును ఇంకో యంత్రానికి తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరవని నకలును నేను నకలుగా లెక్కపెట్టను.

అప్‌గ్రేడ్ తర్వాత ఫైళ్లు కనిపించకపోతే వెంటనే పోయాయనుకోవద్దు. సి డ్రైవులో ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్ లోపల ‘యూజర్స్’లో చూడండి. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనూ చూడండి, డెస్క్‌టాప్ అక్కడికి జరిగి ఉండవచ్చు. ఆ విండోస్.ఓల్డ్‌ను స్థలం తినేస్తోందని చెరిపేయకండి. మీకు నచ్చకపోతే పాత విండోస్‌కు తిరిగి వెళ్లే దారి అదే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, అక్కడ ‘గో బ్యాక్’. గడువు పది రోజులు మాత్రమే. ఆ పది రోజుల్లోగా ఒక ఆదేశంతో దాన్ని 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. కావలసినవారికి తర్వాత రాసిస్తాను. అందుకే అప్‌గ్రేడ్ చేసిన మొదటి వారంలోనే మీ పనులన్నీ ఒకసారి చేసి చూడండి: ప్రతి సాఫ్ట్‌వేరూ తెరవండి, ఒక పేజీ ముద్రించండి, ఒకటి స్కాన్ చేయండి, డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే దానితో ఒక సంతకం పెట్టండి, వేలిముద్రల పరికరం ఉంటే వేలు పెట్టి చూడండి. పదకొండో రోజున ప్రింటర్ పనిచేయడం లేదని తెలిస్తే తలుపు మూసి ఉంటుంది.

యంత్రం తెరవగానే నీలి తెర మీద 48 అంకెల రికవరీ సంఖ్య అడిగితే అది వైరస్ కాదు, బిట్‌లాకర్. డిస్కు గుప్తీకరించి ఉంది, లోపల ఏదో మారిందని దానికి అనుమానం వచ్చింది. యంత్రాన్ని మొదట లేపే బయోస్‌ను అప్‌డేట్ చేసినా అలా అడగవచ్చు. యంత్రం మొదటిసారి తెరిచినప్పుడు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోను నుంచి వెళ్లి చూడండి, చాలాసార్లు ఆ సంఖ్య అక్కడే భద్రపరిచి ఉంటుంది. ఆ ఖాతా ఎవరి పేరున తెరిచారో ఈరోజే ఇంటికెళ్లి చూసుకోండి. షాపులో అమ్మిన కుర్రవాడి మెయిల్‌తో తెరిచిన యంత్రాలు నా దగ్గరకు వచ్చాయి. వాటిలో ఫైళ్లను నేను బయటికి తీయలేకపోయాను. ఒకదానిలో ఒక తండ్రి రాసుకున్న కవితలన్నీ ఉన్నాయి. వేరే ప్రతి లేదు.

చివరగా, అప్‌గ్రేడ్ చేయకూడని యంత్రం గురించి. ఇరవై ఏళ్ల పేజ్‌మేకర్ ఫైళ్లు, వాటి ఫాంట్లు, ఆ లాక్ అన్నీ కలిసి ఒకే పాత యంత్రంలో నడుస్తుంటే దాన్ని కదపకండి. ఇంటర్నెట్ తీసేయండి, పెన్‌డ్రైవుతో మాత్రమే ఫైళ్లు తెచ్చుకోండి. ఆ పెన్‌డ్రైవును ప్రతిసారీ కొత్త యంత్రంలో స్కాన్ చేయండి. దాని హార్డ్‌డిస్కుకు పూర్తి ప్రతిబింబం ఒకటి తీసి పెట్టుకోండి. ఆ యంత్రం ఎన్నాళ్లో ఉండదు కాబట్టి, నెలకు కొన్ని ఫైళ్ల చొప్పున యూనికోడ్‌లోకి మార్చుతూ రండి. మార్పిడి సాధనాలు ఒత్తుల దగ్గర, ‘ర’ వత్తు దగ్గర తప్పులు చేస్తాయి. ఒక మనిషి కూర్చుని చదవాలి. ఊరి దేవాలయ చరిత్రలు, బడి సంచికలు, స్థానిక కవుల పుస్తకాలు ఎన్నో ఆ ఫైళ్లలో తప్ప ఇంకెక్కడా లేవు.

యంత్రాలు తెచ్చినవారు వాటిని ఎడమవైపు బల్లల మీద పెట్టండి, ప్లగ్గులు అక్కడే ఉన్నాయి. ఒక్కొక్కరూ కాగితం మీద రెండు పంక్తులు రాసి యంత్రం పక్కన ఉంచండి: ఏది పనిచేయడం లేదు, అదే పని ఎక్కడ సరిగా జరుగుతోంది. ముందు తెలుగు టైపు కాని యంత్రాలతో మొదలుపెడదాం.